గ్యాలరీ వేరు, గ్రౌండు వేరు

2021 మార్చి 22 సాయంత్రం సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యే వేళ ప్రేక్షకుల గ్యాలరీ కుప్పకూలింది. వందమందికి పైగా గాయపడ్డారు. ఆ మర్నాడే తెలంగాణ ప్రభుత్వం కరోనా మళ్లీ ముదురుతోందని చెప్పి, 24వ తేదీ నుంచి బడులు, కాలేజీలు మూసేస్తున్నట్లు ప్రకటించింది. గ్యాలరీ కూలడానికీ కరోనాకూ సంబంధం లేదు. కానీ భుజానికి భుజం తగిలేలా అన్ని వేలమందిని ఆ రోజుల్లో అక్కడ కూర్చోనివ్వడానికి అనుమతి ఎలా దొరికింది? కూర్చోనిచ్చిన వాళ్లే, రెండు రోజులు తిరక్కుండా, తొమ్మిదో తరగతి పిల్ల ఒంటరిగా లాంగ్ జంప్ సాధన చేసుకునే బడి గ్రౌండుకు తాళం ఎందుకు వేశారు? మహమ్మారి కాలంలో పిల్లల ఆటలు సాగాలా, ఆగాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఈ రెంటినీ ఒకే మూటలో కట్టేస్తున్నాం. సాగాలనేవాళ్లు టోర్నమెంటును, ట్రోఫీని, టెంటును, చీఫ్ గెస్టును కలుపుకుని సాగాలంటారు. ఆగాలనేవాళ్లు ఊరి మైదానంలో పరుగుతో సహా అంతా ఆగాలంటారు. నా వాదన ఒక్కటే. ఊళ్లో, ఆరుబయట, తెలిసిన కొద్దిమందితో పిల్లలు ఆడుకునే ఆట అన్నిటికన్నా ఆఖర్న ఆగాలి, అన్నిటికన్నా ముందు మొదలవ్వాలి. ఆట చుట్టూ చేరే ప్రయాణం, పడక, జనం మాత్రం ముందే ఆగాలి. మనం దీన్ని సరిగ్గా తలకిందులు చేశాం.

ఎలా తలకిందులైందో తేదీలే చెబుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చి 19 నుంచి బడులు మూతపడ్డాయి. మే 4న మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. ఆ క్యూలు ఎవరూ మరిచిపోలేదు. ప్రేక్షకులు లేకుండా స్టేడియాలు తెరుచుకోవచ్చని కేంద్రం మే 17నే ఉత్తర్వు ఇచ్చింది. అంటే నిబంధన ప్రకారం ఆట మీద నిషేధం రెండు నెలలైనా నిలవలేదు. సెప్టెంబరు 19న దుబాయ్, అబుధాబి, షార్జాల్లో ఐపీఎల్ మొదలైంది. నవంబరు 2 నుంచి తొమ్మిది, పది తరగతుల వాళ్లు బడికి వచ్చారు. సంక్రాంతికి సగం సీట్లతో సినిమా హాళ్లు నడిచాయి. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. పోలింగు కేంద్రాలుగా వాడింది చాలాచోట్ల ఆ బడులనే. ఈ వరసలో బడి పిల్లల ఆటల పోటీలు ఎక్కడా కనిపించవు. మండల స్థాయి నుంచి జాతీయ స్థాయి దాకా మెట్లు మెట్లుగా సాగే స్కూల్ గేమ్స్ ఆగిపోయి, మళ్లీ జాతీయ పోటీలు జరిగేసరికి 2023 వచ్చింది. 2020 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలు రెండోసారి జరగడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. క్రికెట్‌లో కూడా 2020-21 సీజన్‌లో రంజీ ట్రోఫీ 87 ఏళ్లలో మొదటిసారి ఆగింది, వయోపరిమితి టోర్నమెంట్లన్నీ రద్దయ్యాయి. ఐపీఎల్ మాత్రం దేశం దాటించి మరీ ఆడించారు. డబ్బున్న ఆటకు విమానం దొరికింది. డబ్బులేని ఆటకు తాళం పడింది. ఈ నిర్ణయాలు వైద్యుల సలహా మీద జరిగాయని నమ్మడం నా వల్ల కాదు.

అమెరికా కథ దీనికి అద్దంలో బొమ్మలాంటిది, కుడి ఎడమైంది అంతే. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే టీవీ హక్కులు, కోట్ల డాలర్లు. 2020 ఆగస్టు 11న బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఆ సీజన్‌ను వాయిదా వేసింది. తోటి కాన్ఫరెన్సులు ఆడుతుంటే చూస్తూ ఊరుకోలేక, అభిమానుల నుంచి, రాజకీయ నాయకుల నుంచి ఒత్తిడి పెరిగాక, సెప్టెంబరు 16న రోజువారీ పరీక్షలు పెడతామంటూ మాట మార్చుకుంది. క్లాసులు ఆన్‌లైన్‌లో నడుస్తున్న యూనివర్సిటీలు సైతం ఆటగాళ్లను మాత్రం గ్రౌండులోకి దించాయి. అప్పటికి ఆ ఆటగాళ్లకు జీతం లేదు, స్కాలర్‌షిప్పే ఆధారం. హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది సంపన్న యూనివర్సిటీల ఐవీ లీగ్ మాత్రం ఆ విద్యా సంవత్సరమంతా పోటీలు ఆపేసింది. ఆపగలిగిందంటే, ఆ ఆదాయం లేకపోయినా దానికి గడుస్తుంది కనుక, అక్కడి పిల్లల్లో ఎక్కువమంది బతుకు ఆ ఆట మీద ఆధారపడి లేదు కనుక. అక్కడ ఆట సాగింది డబ్బు కోసం. ఇక్కడ ఆగింది అడిగేవాడు లేక. రెండు చోట్లా నిర్ణయం ఆడే పిల్లల చేతిలో లేదు. కనుక అమెరికా ఆడించింది కాబట్టి మనమూ ఆడించాలనే వాదన నాకు పనికిరాదు. ఐవీ లీగ్ ఆపింది కాబట్టి మనమూ ఆపాలనేది అంతకన్నా పనికిరాదు.

డబ్బు సంగతి పక్కనబెట్టి గాలి సంగతి చూద్దాం. ఈ రోగం గాలిలో తేలే తుంపరలతో పాకుతుంది. మూసిన గదిలో ఎక్కువ, ఆరుబయట తక్కువ. 2020 జూన్‌లో ఫ్లోరిడాలో ఇండోర్ ఐస్ హాకీ ఆట ఒకటి జరిగింది. ఆడింది 22 మంది. అయిదు రోజుల్లో వాళ్లలో 14 మంది, రింకులో పనిచేసే ఇంకొకరు జబ్బుపడ్డారు. దక్షిణ కొరియాలోని చెయోనాన్‌లో మూసిన హాళ్లలో జరిగిన డ్యాన్స్ వ్యాయామ తరగతుల నుంచి 112 మందికి పాకింది. ఇక ఇంగ్లండ్ రగ్బీ లీగ్‌లో, ఒకరి మీద ఒకరు పడి కుస్తీ పట్టే ఆటలో, రోగం ఉన్న ఎనిమిది మంది నాలుగు మ్యాచుల్లో ఆడారని తర్వాత తేలింది. పరిశోధకులు వీడియోలు పెట్టుకుని ఎవరు ఎవరికి ఎంతసేపు దగ్గరగా ఉన్నారో లెక్క తీస్తే, ఆ మ్యాచుల్లో మైదానంలో అంటుకుందని చెప్పడానికి ఆధారం దొరకలేదు. తర్వాత జబ్బుపడ్డ కొద్దిమందికి అది క్లబ్బులోనో, బయటి సాంగత్యాల్లోనో అంటుకుందని వారి అంచనా. కప్పు కింద ఆట ప్రమాదం, ఆకాశం కింద ఆట అంత ప్రమాదం కాదు అనడానికి ఇంతకన్నా స్పష్టత అక్కర్లేదు. అలాగని ఆరుబయట ఆటలన్నీ ఒక్కటే అనను. మన కబడ్డీ సంగతే తీసుకోండి. రైడరు ముప్పై సెకన్ల పాటు, ఒక్క ఊపిరితో, ఏడుగురి ముఖాల ముందు కూత పెడుతూ తిరుగుతాడు. పట్టు పడితే నలుగురు మీద పడతారు. తుంపరలతో పాకే రోగానికి ఇంతకన్నా అనుకూలమైన ఆట ఊహించడం కష్టం. సూర్యాపేటలో ఆడించింది ఈ ఆటనే, అదీ జూనియర్ల చేత, రెండో వేవ్ అంచున. వాలీబాల్ అలా కాదు. మధ్యన నెట్, ఇరువైపులా తొమ్మిది మీటర్ల కోర్టు, పైన గాలి. పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ అయితే ఎవరి లైను వారిదే. ఒక్క ఉత్తర్వుతో అన్నిటినీ ఆపడమూ, అన్నిటినీ వదిలేయడమూ కూడా బద్ధకంతో చేసే పనే.

బతికుంటే బలుసాకు తినొచ్చు, ముందు ప్రాణం, తర్వాతే ఆట అంటారు పెద్దలు. ఆ మాటకు ఎదురు చెప్పను. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఆలస్యమై పదకొండుమంది చనిపోయారని అధికారులే చెప్పారు. అలాంటి రోజుల్లో మోకాలు విరిగిన కుర్రాడికి కూడా మంచం దొరకదు. అప్పుడు ఆట ఆపాల్సిందే, నెట్ కట్టనివ్వకూడదు. కానీ ఆ మాట ఆ వారాలకు వర్తిస్తుంది. ఆ వారాల పేరు చెప్పి రెండేళ్లు మూసి ఉంచడానికి అది సమర్థన కాదు. మూసి ఉంచడం వల్ల పిల్లలకు రోగం రాకుండా ఆగిందా? 2021 జూన్, జులై నెలల్లో ఐసీఎంఆర్ దేశమంతటా రక్త పరీక్షలు చేస్తే, పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 61.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లలో ఎవరికీ అప్పటికి టీకా లేదు. పదిహేను దాటినవారికి టీకా మొదలైంది 2022 జనవరి 3న. బడులు చాలాకాలం మూతపడి, గ్రౌండ్లు ఖాళీగా ఉన్నా పదిమందిలో ఆరుగురికి రోగం వచ్చి పోయింది. మూయకపోతే ఇంకా వేగంగా వచ్చేదేమో, ఆ వేగం తగ్గడమే కొన్ని ప్రాణాలు కాపాడిందేమో అంటే, ఆ అవకాశాన్ని కొట్టిపారేయను. అయితే ఆ లాభంలో ఎంత వాటా పెళ్లిళ్లు, ప్రయాణాలు ఆగడం వల్ల వచ్చింది, ఎంత వాటా ఆరుబయట పరుగు ఆపడం వల్ల వచ్చింది అని విడదీసి చూడాలి. పైన చెప్పిన గాలి సంగతి తెలిసినవాళ్లెవరూ రెండో వాటా పెద్దదని చెప్పలేరు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇల్లు. పిల్లవాడికి ఏమీ కాదు, వాడి నాయనమ్మకు అవుతుంది. ఈ మాట చీరాల దగ్గరి ఈపురుపాలెం లాంటి చేనేత ఊరిని దృష్టిలో పెట్టుకుని ఆలోచించాలి. ఇక్కడి నేత ఇంట్లో ముందు గది చాలావరకు గుంట మగ్గానిదే. మిగిలిన జాగాలోనే వంట, పడక, పిల్లల పుస్తకాలు. ఇంట్లో పెద్దావిడ మగ్గం పక్కనే కూర్చుని కండెలు చుడుతూ ఉంటుంది. ఒకరికి జ్వరం వస్తే విడిగా పడుకోబెట్టడానికి రెండో గది ఉండదు. గ్రౌండు నుంచి వచ్చిన కుర్రాడు కాళ్లు కడుక్కుని కూర్చునేది ఆమె పక్కనే. ఈ ఇంటిని చూసి ఆట ఆపమనడంలో న్యాయం ఉంది. కానీ అదే ఇంటిని ఇంకో వైపు నుంచి చూడండి. రోజంతా ఆ ఒక్క గదిలో ఆరుగురు ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుంటూ ఉండడం క్షేమమా, సాయంత్రం రెండు గంటలు పిల్లలు బయట గాలిలో ఉండడం క్షేమమా? పైగా బడి గ్రౌండుకు తాళం వేస్తే కుర్రాళ్లు ఇంట్లో కూర్చోరు. నిఘా లేని చోట, మూల మీద, కప్పు కింద, క్యారమ్స్ బోర్డు చుట్టూ చేరతారు, లేదంటే ఒక్క ఫోను మీద నలుగురు తలలు ఆనించి కూర్చుంటారు. డ్రిల్లు సారు కళ్లముందు, అదే వీధి పిల్లలు పదిమంది, రోజూ ఆ పదిమందే, వాలీబాల్ ఆడుకోవడం అంతకన్నా ముప్పు తక్కువ. ఇక్కడొక షరతు మాత్రం గట్టిగా పెట్టాలి. ఇంట్లో పెద్దవాళ్లకు ఉబ్బసమో, షుగరో ఉన్న పిల్లవాడు ఆడనంటే ఆ ఏడాది వాడి జట్టు స్థానం పోకూడదు, వాడి మీద ఒక్క మాట పడకూడదు. ఆడనని చెప్పే హక్కు లేని చోట, ఆడతానన్న మాటను ఇష్టపూర్వకం అనుకోవడం తప్పు.

గుండె గురించి భయం కూడా అప్పట్లో బాగా పాకింది. కరోనా తగ్గిన ఆటగాళ్లకు గుండె కండరం వాస్తుందనే వార్తలే బిగ్ టెన్ మొదటి నిర్ణయానికి ఒక కారణం. ఆ కాన్ఫరెన్స్ తర్వాత తన ఆటగాళ్లలో 1,597 మందికి ఎంఆర్ఐ తీయిస్తే 37 మందిలో, అంటే 2.3 శాతంలో, వాపు కనిపించింది. లక్షణాలు ఉన్నవారు వారిలో తొమ్మిదిమందే. 42 కాలేజీల నుంచి 3,018 మందిని చూసిన ఇంకో అధ్యయనంలో అది 0.7 శాతం. చిన్నదే అయినా సున్నా కాదు. దీనికి విరుగుడు ఆట ఆపడం కాదు, జ్వరం తగ్గిన వారంలోనే పిల్లల్ని పరుగెత్తించకపోవడం, ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే డాక్టరు చూసేదాకా బెంచీ మీద కూర్చోబెట్టడం. ఇది ఏ ఊరి పీఈటీకైనా చెప్పగలిగిన జాగ్రత్తే.

ఇక తూకంలో రెండో వైపు చూద్దాం, వయసు. ఐపీఎల్ ఒక ఏడాది ఆగితే మరుసటి ఏడాది వస్తుంది. పదహారేళ్ల వయసు మరుసటి ఏడాది రాదు. స్కూల్ గేమ్స్ అండర్-14, అండర్-17, అండర్-19 అని నడుస్తాయి. 2020లో పదహారేళ్లున్న అమ్మాయి 2023 వచ్చేసరికి ఆ మూడు గేట్లూ దాటేసింది. స్పోర్ట్స్ కోటాలో ఇంజినీరింగ్ సీటుకైనా, ఉద్యోగానికైనా అడిగేది ఆ పోటీల సర్టిఫికెటే. విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతి 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో మన ఆచార్య నాగార్జున యూనివర్సిటీ తరఫున 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో దాటింది. 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డు 13.38 కన్నా అది మెరుగు. కానీ అక్కడ డోప్ పరీక్ష జరగలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. రెండు నెలల్లో దేశం మూతపడింది. ఆ రికార్డు ఆమె పేర ఎక్కడానికి 2022 మే నెల, సైప్రస్ దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో గాయం కూడా ఉంది, నిజమే. ఆమెకు ఒడిశాలో మంచి శిక్షణ కేంద్రం, అండ ఉన్నాయి, నిలబడింది. అదే యూనివర్సిటీ కింద చీరాల, బాపట్ల, తెనాలి, రేపల్లె కాలేజీల్లో ఉన్న అమ్మాయిలకు ఆ అండ ఏది? ఆట మానేసిన అమ్మాయిని మళ్లీ గ్రౌండుకు పంపమని ఇంట్లో ఒప్పించడం, మగపిల్లల విషయంలో కన్నా పదింతలు కష్టమని ఏ కోచ్‌నడిగినా చెబుతారు. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ ఇంకో రకం ఉదాహరణ. 2022 జనవరిలో వెస్టిండీస్‌లో అండర్-19 ప్రపంచ కప్ మధ్యలో అతడికీ, కెప్టెన్ యశ్ ధుల్‌కూ కరోనా వచ్చింది. ఆరుగురు ఐసొలేషన్‌కు పోతే, ఐర్లాండ్‌తో ఆడడానికి సరిగ్గా పదకొండుమందే మిగిలారు. కోలుకుని వచ్చి సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద రషీద్ 94 కొట్టాడు, ఫైనల్లో అర్ధ సెంచరీ చేశాడు, కప్ వచ్చింది. విడిగా ఉంచడానికి గదులు, డాక్టర్లు, పరీక్షలు ఉన్నాయి కాబట్టి ఆ టోర్నీ సాగింది. అవి లేకుండా దూర ప్రయాణం పెట్టకూడదన్నదీ అక్కడే తెలుస్తుంది. అయితే అంతకుముందు ఏడాది పందొమ్మిది నిండిపోయి, రద్దయిన సీజన్‌తో పాటే వయసూ దాటిపోయిన కుర్రాళ్ల స్కోర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు.

మన బడుల్లో ఇవన్నీ అయ్యే పనులేనా, పరీక్షలకు డబ్బులెక్కడివి అని అడుగుతారు. పరీక్షలు కావలసింది జిల్లాలు దాటి, హాస్టళ్లలో పడుకుని ఆడే పోటీలకు. వాటిని ఆపమనే నేనూ అంటున్నాను. ఒకే హాలులో నలభైమంది చాపలేసుకుని పడుకునే మన టోర్నమెంటు వసతి, ఆటకన్నా ఎక్కువ ప్రమాదం. జపాన్‌లో హైస్కూల్ బేస్‌బాల్‌కు కోషియెన్ అనే పెద్ద టోర్నమెంటు ఉంది, ఆ దేశానికి అది పండగతో సమానం. 2020లో వసంతకాలపుదీ, వేసవిదీ రెండూ రద్దుచేశారు. కానీ అంతటితో చేతులు దులుపుకోలేదు. వసంతంలో ఎంపికైన 32 బడుల జట్లను ఆగస్టులో పిలిచి, జనం లేని అదే స్టేడియంలో, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క మ్యాచ్ ఆడించారు. కప్ లేదు, ఫైనల్ లేదు. రాష్ట్రాల స్థాయిలో విడిగా పోటీలు పెట్టుకున్నారు. మన దేశంలోనూ తలచుకుంటే కుదిరింది. 2021 ఫిబ్రవరిలో గువాహటిలో జూనియర్ జాతీయ అథ్లెటిక్స్ జరిపారు. బడి పిల్లల విషయంలోనే ఎవరూ తలచుకోలేదు.

వయసు దగ్గరా అంతే. అమెరికాలో కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ ఆ సీజన్‌లో ఉన్నవాళ్లందరికీ, ఆడినా ఆడకపోయినా, ఒక సంవత్సరం అర్హత పెంచింది. ఇక్కడ సైన్యంలో రెండేళ్లు నియామకాలు జరగలేదని ఒప్పుకుని, 2022 జూన్‌లో అగ్నిపథ్ గరిష్ఠ వయసును ఆ ఒక్క ఏడాదికి 21 నుంచి 23కు పెంచారు, అదీ ఆందోళనలు రేగాక. బడి ఆటల పిల్లలు రోడ్డెక్కి రైళ్లాపలేరు. అందుకే వాళ్ల సంగతి ముందే రాసిపెట్టాలి. ఇంకో మహమ్మారి వచ్చి పోటీలు రద్దుచేస్తే, రద్దు ఉత్తర్వులోనే వయసు సడలింపు ఎన్నేళ్లో రాయాలి. ఏ ఆటలు ఆగుతాయో, ఏవి సాగుతాయో పేరుపేరునా చెప్పాలి. బాపట్ల లాంటి జిల్లాలో మండలానికొక రోజు, ప్రేక్షకులు లేకుండా, బడికొక గంట చొప్పున ట్రయల్స్ పెట్టి, పరుగు టైము, దూకిన దూరం, విసిరిన దూరం కొలిచి రాసుకోవచ్చు. టేపు, స్టాప్‌వాచ్, ఇద్దరు పీఈటీలు చాలు. ఆ కాగితానికి ఆ ఏడాది మట్టుకు స్పోర్ట్స్ కోటాలో జిల్లా స్థాయి సర్టిఫికెట్ విలువ ఇవ్వడానికి కావలసింది ఒక జీవో మాత్రమే.